నాంచారమ్మ దిద్దిన మొహం

నాంచారమ్మని మా వీధిలో ఒకావిడ ఉండేది. బొమ్మలకి కళ్ళు దిద్దేది. నేను చూళ్ళేదు ఆవిణ్ణి, మా అత్త చూసింది. అత్త చెప్పిందే నేను చెప్తున్నా, ఒక మాట అటూ ఇటూ అయితే అత్తనే అడగండి, అదీ పోయిందనుకో. ఎర్రమెట్ట కింద మాది బొమ్మల వీధి, అప్పుడు నలభై ఇళ్ళు. మగాళ్ళు మెట్టెక్కి పొణికి కర్ర కొట్టుకొచ్చి చెక్కేవాళ్ళు. ఆడాళ్ళు చింతగింజలు నూరి, రంపప్పొట్టు కలిపి, ముద్ద చేసి, ఆ ముద్దతో ముక్కులూ చెవులూ చేతులూ అతికించేవాళ్ళు. ఎండబెట్టి, సున్నం పూసి, ఆ పైన రంగులు. అన్ని రంగులూ అయినాక ఆఖర్న కళ్ళు. వీధి మొత్తానికీ కళ్ళంటే నాంచారమ్మే. మేకవెంట్రుకల కుంచె పట్టుకుందంటే ఊపిరి కూడా తీసేది కాదంట, రెండు కళ్ళూ అయిపోయినాక అప్పుడు హమ్మయ్యా అని వొదిలేదంట. ఆవిడ మొగుడు కోటిలింగం. మంచోడు, చెక్కుడులో మొనగాడు, కానీ భయస్తుడు. ఆ భయం ఎందుకో ముందుకెళ్తే తెలుస్తది.

కొత్త బొమ్మలు చెయ్యడం ఒక ఎత్తు, పాతవి బాగు చెయ్యడం ఒక ఎత్తు. దసరా వస్తోందంటే చుట్టుపక్కల ఊళ్ళలో కొలువు పెట్టే ఇళ్ళన్నిట్నించీ పాత బొమ్మలు బుట్టల్లో వచ్చి పడేవి. ముక్కు పోయిందొకటి, తొండం పోయిందొకటి, చెదలు తిన్నదొకటి. నాంచారమ్మ గడప దగ్గరే కూచుని, వచ్చిన ప్రతోళ్ళనీ ఒకటే అడిగేదంట, "బాగు చెయ్యాలా, మార్చాలా?" అని. రెంటికీ తేడా ఏంటంటే, బాగు చెయ్యడమంటే ఎట్టా ఉందో అట్టా. పాతది మెల్లకన్నయితే మెల్లకన్నే. చీర గళ్ళు వంకరైతే వంకర గళ్ళే. అది ఎవరి తాత చేశాడో, ఆ తాత చెయ్యి మనం దిద్దకూడదు. మార్చడమంటే ఇంక మీ ఇష్టం, గుర్రాన్ని ఏనుగు చెయ్యమంటే చేస్తాం. కానీ ముందు చెప్పాల. సగంలో మాట మారిస్తే ఆవిడ ఒప్పుకునేది కాదు. అంత పట్టింపు.

ఇప్పుడు మునసబు సంగతి చెప్పాల. భుజంగరాయుడని, మా ఊరికి మునసబు. మెట్ట మీద పొణికి కొట్టాలంటే ఆయన చీటీ రాసియ్యాల. ఆ చీటీ చూపిస్తేనే అడివి గార్డు గొడ్డలి ఎత్తనిచ్చేవాడు. చీటీ లేదా, కర్ర లేదు. కర్ర లేదా, నలభై ఇళ్ళలో పొయ్యి లేదు. కోటిలింగం భయం అదీ. ఈ మునసబుకి సుభద్రమ్మతో పెళ్ళయిన కొత్తల్లో, ఆయన తండ్రి ముచ్చటపడి కొడుకూ కోడళ్ళ బొమ్మలు చేయించాడు. మూరెడెత్తు. దొరా దొరసానీ పక్కపక్కన, పీటల మీద కూచున్నట్టు. చెక్కింది కోటిలింగం, మొహాలు దిద్దింది నాంచారమ్మ. అప్పటికి తనూ కొత్తకోడలే. మనిషిని చూసి మొహం దిద్దడం ఆవిడకి అదే మొదలు. సుభద్రమ్మ మూడు రోజులు వీళ్ళ అరుగు మీద కూచుందంట. ఇద్దరూ పదహారూ పదిహేడేళ్ళ పిల్లలేగా. ఈవిడ దిద్దడం, ఆవిడ నవ్వడం, నవ్వితే మూతి మారిపోయిందని ఈవిడ చెరపడం, మళ్ళీ ఇద్దరూ నవ్వడం. సుభద్రమ్మంటే ఆ రోజుల్లో చూసి తీరాల్సిన మనిషంట. చామనచాయ, పెద్ద కళ్ళు, ఆ కళ్ళలో ఏదో తుంటరితనం. ఆ తుంటరితనం కూడా బొమ్మలోకి వచ్చేసింది. చూసినోళ్ళందరూ, అమ్మగారు ఇంకాసేపట్లో మాట్లాడతారేమో అనేవాళ్ళంట.

బానే ఉంది కదా. పన్నెండేళ్ళు బానే ఉంది. తర్వాత ఏమైందంటే, ఊళ్ళో అమ్మవారు పోసింది. పెద్దమ్మవారు. ఇప్పుడు మీకు తెలీదు ఆ జబ్బు, మీ అదృష్టం. ఇంటికొకరు పోయారు. సుభద్రమ్మ ఇరవై రోజులు అరిటాకు మీద పడుకుంది. ఇక్కడ ఒకటి చెప్పాల, మునసబు చెడ్డోడని నేననను. ఆ ఇరవై రోజులూ ఏపమండలు పట్టుకుని ఆవిడ పక్కన కూచుని విసిరింది ఆయనే. పనోళ్ళు పారిపోతే నీళ్ళు తాగించింది ఆయనే. గుక్కపట్టి ఏడ్చేవాడంట. ఆవిడ బతికింది. తలకి నీళ్ళు పోసినాక చూస్తే మొహం నిండా గుంటలు, వాన పడ్డ ఇసకలాగా. ఎడం కంట్లో పువ్వేసింది, తెల్లటి పువ్వు. మునసబు ఆ మొహం ఒక్కసారి చూశాడు. చూసి, తల పక్కకి తిప్పుకున్నాడు. ఆ తిప్పుకున్న తల తొమ్మిదేళ్ళు మళ్ళీ ఇటు తిరగలా. అంతే. కొట్టలా, తిట్టలా. ఇంకో పెళ్ళి కూడా చేసుకోలా. ఎనక వసారాలో ఒక గది ఇచ్చాడు, ఏళకి తిండి అక్కడికే పంపించేవాడు, చీరలు పంపించేవాడు. ముందు హాల్లోకి మాత్రం రావద్దన్నాడు. ఊళ్ళో ఆడాళ్ళేమనేవాళ్ళంటే, ఎంత మంచోడమ్మా, ఇంకొకడయితే ఈపాటికి రెండో దాన్ని తెచ్చుకునేవాడు కాదా అనేవాళ్ళు. చూడండి, అదొక మెప్పు.

మరి హాల్లో ఎవరున్నారు? బొమ్మ ఉంది. మామూలుగా కొలువు అయిపోతే బొమ్మలన్నీ పెట్టెలోకి పోతయ్యిగా, ఈ దొరసాని బొమ్మ పోదు. ఏడాది పొడుగునా హాల్లోనే, ఆయన పడక్కుర్చీకి ఎదురుగా గూట్లో. పొద్దున్నే కాఫీ తాగుతూ దాంతో మాట్లాడేవాడంట. ఇయ్యాళ శిస్తు కట్టడానికి ఫలానావాడు వచ్చాడే, ఇట్టా అన్నాడే అని. దసరాకి దానికి పట్టుబట్ట. కొలువుకొచ్చిన పేరంటాళ్ళు ముందు బొమ్మకి బొట్టు పెట్టాల, తర్వాతే తాంబూలం తీసుకోవాల. "మా సుభద్రకి పెట్టారా?" అని అడిగేవాడంట. వాళ్ళు పెట్టామండీ అనేవాళ్ళు. ఆ మాట ఎనక గదిలో సుభద్రమ్మకి ఇనపడేది. తొమ్మిది దసరాలు ఇనపడింది.

పదో ఏడు దసరా పాడ్యమి ఇంక పది రోజులుందనంగా బొమ్మ పగిలింది. ముక్కు పోయింది, ఒక చెయ్యి ఊడింది, మొహం మీద పెచ్చులు లేచిపోయినయ్. ఎలికలు పడేసినయ్యని మునసబు అందరికీ చెప్పాడు. గూట్లోంచి మూరెడు బొమ్మని లాగి గోడకేసి కొట్టే ఎలిక ఏ ఊళ్ళో ఉందో నాకు తెలీదు. సరే, ఎలికే అనుకోండి. ఆయనే స్వయంగా బట్టలో చుట్టుకుని, చంటిపిల్లనెత్తుకున్నట్టు ఎత్తుకుని వీళ్ళింటికొచ్చాడు. కోటిలింగం లేచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నాంచారమ్మ ఎప్పటిలాగానే, "బాగు చెయ్యాలా అయ్యగారూ, మార్చాలా?" అంది. "మార్చడమేమిటే! పిచ్చిదానా! ఎలా ఉండేదో అలా రావాలి. వెంట్రుకవాసి తేడా రాకూడదు. పాడ్యమి నాడు మేళం పంపిస్తాను, ముసుగేసి తీసుకురండి, కొలువులో నేనే ముసుగు తీస్తాను," అన్నాడు. గుమ్మం దాకా ఎళ్ళి మళ్ళీ తిరిగొచ్చి, "కళ్ళు జాగ్రత్త" అన్నాడంట.

మర్నాడు మిట్టమధ్యాన్నం. ఎండకి వీధిలో కుక్క కూడా లేదు. నాంచారమ్మ చింతగింజలు నూరుతుంటే గుమ్మంలో ఎవరో నీడ పడింది. తలమీద నించి కొంగు మొహానికడ్డంగా లాక్కుని ఒకావిడ. "నాంచారీ," అంది. గొంతు పట్టి గుర్తుపట్టింది నాంచారమ్మ. రోలు ఒదిలేసి లేచి, "అమ్మగారూ, మీరెందుకొచ్చారు, కబురు పెడితే నేనే రానా," అంది. సుభద్రమ్మ లోపలికొచ్చి, తలుపు దగ్గరికేసి, కొంగు తీసింది. తొమ్మిదేళ్ళలో నాంచారమ్మ ఆ మొహం చూడ్డం అదే. "చూడు," అంది ఆవిడ. చూసింది. "కిందికి చూడమాక, నన్ను చూడు," అంది. చూసింది. "బాగు చెయ్యాలా, మార్చాలా అని అడుగుతావంట కదా. నన్నడగవేం? ఆ మొహం నాది కాదూ?" అంది. మళ్ళీ తనే చెప్పిందంట, "మార్చు. ఇదిగో, ఈ మొహం పెట్టు. ఈ గుంటలు, ఈ కన్ను, అన్నీ. ఆయన దానికి బొట్టు పెట్టిస్తాడు కదా, పట్టుచీర కడతాడు కదా, దీనికి కట్టమను. ఒక్కసారి ఆయన నా మొహంలోకి చూడాల నాంచారీ. బొమ్మలో అయినా సరే. తర్వాత చంపినా సరే."

"అయ్యగారు బాగు చెయ్యమన్నారమ్మా," అంది నాంచారమ్మ. "అయ్యగారికి నేను చెప్పుకుంటా. నేనే చెప్పానని అందరి ముందూ చెప్తా. నీ మీదికి మాట రానివ్వను," అంది సుభద్రమ్మ. అని, నాంచారమ్మ చెయ్యి తీసుకుని తన చెంప మీద పెట్టుకుందంట. గుంటలు చేతికి తగిల్నయ్. ఇప్పుడు మీరు అడగచ్చు, నాంచారమ్మ ఎందుకొప్పుకుంది అని. జాలి. జాలి ఉంది, పాత చెలిమి ఉంది. ఇంకోటి కూడా ఉంది, మా అత్త చెప్పింది కాబట్టి చెప్తున్నా. ఆ చెయ్యి చెంప మీద ఉండగానే, ఈ గుంటలు ముద్దలో ఎట్టా వస్తయ్యి, చీపురుపుల్లతో పొడిస్తే వస్తయ్యా, అని ఆవిడ లోపల లెక్కేసుకుంటా ఉందంట. అట్టాంటి మొహం మా వీధిలో ఎవరూ ఎప్పుడూ చెయ్యలా. చెయ్యగలనా అని చూడాలనిపించింది. పనోళ్ళ బుద్ధి అది, మంచిదో చెడ్డదో.

మూడు మధ్యాన్నాలు సుభద్రమ్మ వచ్చి కూచుంది, వెనకటిలాగానే. ఈసారి నవ్వులేం లేవు. ముక్కు అతికించి, చెయ్యి అతికించి, మొహం మీద కొత్తగా ముద్ద పూసి, అది తడిగా ఉండగా చీపురుపుల్ల కొసతో ఒక్కొక్క గుంటే పొడిచిందంట. ఆవిడ మొహం చూడ్డం, ఒకటి పొడవడం. చెంప మీద ఎన్నున్నయ్యో అన్ని, నుదుటి మీద ఎన్నున్నయ్యో అన్ని. ఎడం కంట్లో ముత్యంలాంటి తెలుపు. కోటిలింగం మెట్ట మీంచి వచ్చి చూసి, చూసి, గొడ్డలి కింద పడేశాడు. "ఇదేంటే! చీటీ మాటేంటే! నలభై ఇళ్ళే!" అని నెత్తి బాదుకున్నాడు. "ఆమెగారే చెప్పుకుంటానందయ్యా. ఇంటావిడ మాట మాట కాదా?" అంది నాంచారమ్మ. "వద్దే, ఇంకా రెండు రోజులుంది, పాతది దిద్దెయ్యవే, నీ కాళ్ళు పట్టుకుంటా," అన్నాడు. "నువ్వు పోయి అన్నం తిను," అంది. ఆ పట్టింపు ఉందిగా, సగంలో మాట మార్చదు. కోటిలింగం అన్నం తిన్లా. అయినా ఆ బొమ్మని చూసి, ఒకసారి దగ్గరికెళ్ళి మళ్ళీ చూసి, "బతికున్నట్టుందే," అన్నాడంట. అది నిజం. మొదట చేసింది అందమైన బొమ్మ. ఇది మనిషి.

పాడ్యమి వచ్చింది. మధ్యాన్నం మూడింటికి మేళం వచ్చింది. బొమ్మకి ముసుగేసి, పళ్ళెంలో పెట్టి, కోటిలింగం నెత్తినెత్తుకుని నడిచాడు. వీధి వీధంతా ఎనకాల. హాల్లో తొమ్మిది మెట్ల కొలువు. పై మెట్టు మీద దొర బొమ్మ ఒక్కటే కూచునుంది, పక్కన పీట ఖాళీగా. పేరంటాళ్ళు, ఊరి పెద్దలు, నాలుగూళ్ళ జనం. మునసబు జరీ పంచె కట్టుకుని, పెళ్ళికొడుకులాగా, పళ్ళెం అందుకుని, బొమ్మని పీట మీద కూచోబెట్టి, హారతి ఎలిగించమని చెప్పి, ముసుగు లాగాడు.

మేళం ఆగిపోయింది. హారతి పట్టుకున్నామె చెయ్యి అట్టాగే ఉండిపోయింది. ఒక ముసలామె, చూపు ఆనక దగ్గరికొచ్చి చూస్తున్నామె, "అయ్యో, అమ్మగారే!" అంది. పక్కనోళ్ళు నోరు మూశారు. మునసబు బొమ్మని చూశాడు. పక్కకి తిప్పుకుందామన్నా జనమంతా ఆయన్నే చూస్తున్నారు, ఎటు తిప్పుతాడు? మొహం సున్నం కొట్టినట్టయింది. "ఎవరిదిరా ఈ మొహం?" అన్నాడు. కోటిలింగం ఉన్నచోటే కూలబడ్డాడు. నాంచారమ్మ ముందుకొచ్చి, "అమ్మగారిదండీ," అంది. "ఏ అమ్మగారు?" అన్నాడు. "మార్చమని ఎవరు చెప్పారు నీకు?" అన్నాడు. ఈవిడ చెప్పలా. ఆవిడే వచ్చి చెప్తానందిగా, రానీ అని ఎనక తలుపు వైపు చూసింది. మునసబు కూడా చూశాడు. "సుభద్రా! ఇటు రా!" అని కేకేశాడు. తొమ్మిదేళ్ళలో ఆ పేరు పెట్టి మనిషిని పిలవడం అదే.

సుభద్రమ్మ వచ్చింది. కొంగు మొహాన కప్పుకుని వచ్చి కొలువు పక్కన నిలబడింది. "తియ్యి," అన్నాడు. తీసింది. ఇటు మనిషి, అటు బొమ్మ. గుంటకి గుంట, పువ్వుకి పువ్వు. జనం అటు చూడ్డం, ఇటు చూడ్డం. మునసబు ఆవిడ మొహంలోకి చూశాడు. ఇంటున్నారా, చూశాడు. తల తిప్పలా. తినేసేట్టు చూశాడు. ఆవిడ కోరుకుంది అదేగా! ఒక్కసారి చూడాలనేగా ఇదంతా! "ఇది నువ్వేనా? నువ్వే చేయించావా?" అన్నాడు. సుభద్రమ్మ పెదాలు కదిల్నయ్. నాంచారమ్మ ఆవిడ నోటికేసే చూస్తా ఉంది. మునసబు కళ్ళలో కోపముంటే సుభద్రమ్మ నిలబడేదేమో. కోపం కాదంట, అసహ్యం. కప్పని చూసినట్టు చూస్తున్నాడంట. ఆ చూపు కింద మనిషి చిన్నదైపోయింది. "కాదండీ," అంది. "నేనెందుకు చేయిస్తాను. ఇదే ఏదో పిచ్చి పని చేసింది. ఆ బొమ్మని చూస్తుంటే నాకే కడుపులో తిప్పుతోంది," అంది.

అంది మరి. ఏం చేస్తాం. మునసబు జనం వైపు తిరిగి, "మీరు చెప్పండయ్యా, ఇది మా ఆవిడలా ఉందా?" అన్నాడు. మనిషీ బొమ్మా పక్కపక్కనే ఉన్నారు కదా. గుడ్డోడు తడిమినా తెలుస్తది కదా. ఒక పెద్దమనిషి, "అబ్బే, పోలికే లేదండీ," అన్నాడు. ఇంకొకాయన, "అమ్మగారెక్కడ, ఇదెక్కడ," అన్నాడు. మా వీధోళ్ళు కూడా అన్నారు. చీటీలు కళ్ళముందు కనపడుతున్నయ్యి, అనరా మరి? "లేదండి, లేదండి," అన్నారు. ఆఖరికి కోటిలింగం, ఎవరూ అడక్కండానే, నేల మీద కూచుని, "లేదండీ అయ్యగారూ," అన్నాడు. నాంచారమ్మ మొగుడి వైపు చూళ్ళేదు. సుభద్రమ్మ వైపే చూస్తా, "తప్పయిపోయిందండీ. నా కళ్ళకే అట్టా కనపడింది," అంది. వచ్చిందీ, మూడు మధ్యాన్నాలు కూచుందీ, ఏదీ బయట పెట్టలా.

"అయితే ఇప్పుడే, ఇక్కడే, అందరి ముందూ బాగు చెయ్యి. పాత మొహం పెట్టు," అన్నాడు మునసబు. "ఆరాలండీ," అంది. "కుంపట్లు పెట్టించండి," అన్నాడు. ఇంటికి మనిషిని పంపి ముద్దా, సున్నం, రంగులూ తెప్పించారు. హాలు మధ్యలో కూచోబెట్టారు. పేరంటాళ్ళు చుట్టూ చేరారు, శనగలు పంచారు, తింటా చూశారు. నాంచారమ్మ బొమ్మని ఒళ్ళో పెట్టుకుని, వేలికొసతో ముద్ద తీసి, ఒక్కొక్క గుంటే పూడ్చడం మొదలుపెట్టింది. పొడిచినప్పుడు ఏ వరసలో పొడిచిందో ఆ వరసలోనే పూడ్చిందంట. సుభద్రమ్మని లోపలికి పొమ్మని ఎవరూ అనలా, ఆవిడ పోలా. నిలబడి చూస్తానే ఉంది. మొదట్లో నాంచారమ్మకి ఏడుపొచ్చింది. కాసేపటికి ఏడుపు పోయి కోపమొచ్చింది. నన్ను పిచ్చిదాన్నన్నావు కదా, నీ మొహం చూస్తే నీకే కడుపులో తిప్పుతోందా, అయితే ఇదిగో తీసుకో, అనుకుందంట లోపల. అనుకుని, ఉన్న పనితనమంతా అందులో పెట్టింది. పసుపు మీద లేత ఎరుపు, పెదాలకి తడి, కనుబొమ్మలు ఒక్కొక్క వెంట్రుకా. ఆఖర్న కళ్ళు. ఆ తుంటరి కళ్ళు, మొదట దిద్దిన వాటికన్నా బాగా. కుంపటి మీద పట్టి ఆరబెట్టి ఎత్తి చూపిస్తే, హాలంతా ఆ అని నోరు తెరిచింది. అంత అందమైన మొహం ఆవిడ ఎప్పుడూ దిద్దలేదంట. మునసబు రెండు చేతుల్తో అందుకుని, "ఇదీ నా సుభద్ర," అని పిల్లాడిలాగా ఏడ్చాడు. జనం కూడా కళ్ళు తుడుచుకున్నారు. ఇంతలో ఆ పక్కనే నిలబడ్డ మనిషి ఎప్పుడెళ్ళిపోయిందో ఎవరూ చూళ్ళేదు. నాంచారమ్మ ఒక్కతే చూసింది. ఎళ్తా ఎళ్తా సుభద్రమ్మ బొమ్మని కాదు, నాంచారమ్మ చేతుల్ని చూసిందంట. ఆవిడకి తెలిసింది, ఈ అందమంతా కోపంతో దిద్దిందని.

మునసబు ఏం చేశాడో తెలుసా? చీటీలు ఆపుతాడనుకున్నారుగా. ఆపలా! సంతోషం పట్టలేక మూడేళ్ళకి సరిపడా చీటీలు అక్కడికక్కడే రాసిచ్చాడు. నాంచారమ్మకి పట్టుచీర పెట్టాడు. వీధి వీధంతా పండగ. "నువ్వు బతికించావమ్మా నాంచారమ్మా," అని కాళ్ళకి దణ్ణాలు పెట్టారు. ఆవిడ ఇంటికొచ్చి, నూతి దగ్గర కూచుని, చేతులు తోముకుంటానే ఉందంట. ఎంతసేపటికీ లేవకపోతే కోటిలింగం వచ్చి, "పోనీలేవే, అంతా మంచికే అయింది," అన్నాడు. "అవును, నువ్వు కూడా లేదన్నావుగా," అంది. ఆ తర్వాత మొగుడితో అవసరానికి తప్ప మాట్లాడలేదంటారు.

నాలుగు రోజులకి సుభద్రమ్మ పనిమనిషితో కబురంపింది, నాంచారీని ఒకసారి రమ్మని. ఎళ్ళలా. మళ్ళీ పంపింది. పని ఉందని చెప్పమంది. మూడోసారి పనిమనిషి వచ్చి, "అమ్మగారు ఏడుస్తున్నారమ్మా, ఒక్క మాట చెప్పాలంట," అంది. నాంచారమ్మ కుంచె కింద పెట్టకుండా, "నాలాంటి పిచ్చిదాంతో అమ్మగారికి మాటలేంటి అని అడిగానని చెప్పు," అంది. ఇంక కబురు రాలా. ఎళ్ళాల్సింది, ఎళ్తే ఏం పోయేది, అని ముసలితనంలో మా అత్తతో ఎన్నిసార్లు అనేదో. కార్తీకం ఎళ్తానే సుభద్రమ్మకి జొరం తగిలింది. మూడు రోజులు. అన్నం నీళ్ళు ముట్టలేదంట, మందు ముట్టలేదంట. పోయింది.

శవాన్ని వాకిట్లోకి తెచ్చారు. మునసబు ఏడుస్తా వచ్చి, "మొహం కప్పండి," అన్నాడు. కప్పారు. మామూలుగా పుణ్యస్త్రీ పోతే మొహానికి పసుపు రాసి ఊరంతా చూస్తారు. ఆవిడకి అదీ లేదు. పసుపూ కుంకం బొమ్మకి పెట్టి, ఆ బొమ్మని పాడె ముందు పట్టుకుని నడిచారు. నాంచారమ్మ వీధి అరుగు మీంచి చూసింది. కప్పిన మొహం ఎళ్ళిపోయింది. ఆ మొహం ఎట్టా ఉండేదో తెలిసినోళ్ళు ఊళ్ళో ఇంక ఎవరు? చూసినోళ్ళేమో పోలికే లేదన్నారు. ఇంక నేనొక్కదాన్నే అనుకుంది. లోపలికెళ్ళి తలుపేసుకుని, పొణికి ముక్క మీద ముద్ద పూసి, చీపురుపుల్ల తీసుకుని కూచుంది. ఎక్కణ్ణించి మొదలుపెట్టాల? చెంప మీద ఎన్నున్నయ్యి? నుదుటి మీద? కళ్ళు మూసుకుంది. మూసుకుంటే కనపడింది, పెద్ద కళ్ళు, తడి పెదాలు, తాను కోపంతో దిద్దిన ఆ అందమైన మొహం. ముద్ద తీసేసి మళ్ళీ పూసింది. మళ్ళీ అదే. ఎన్ని రోజులు చేసినా కుంచె కింద అదే వచ్చిందంట. అసలు మొహం ఇంక రాలా. ఆవిడ చచ్చేదాకా రాలా.

అదీ కథ. ఆ బొమ్మ ఉందిగా, మొన్నమొన్నటి దాకా మునసబుకి వరసకి మనవడయ్యేవాడి ఇంట్లో ఉంది. పోయినేడు పట్నం నించి పాత బొమ్మలు కొనే ఆయన కారేసుకుని వచ్చాడు. భూతద్దం పెట్టి అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు. వాళ్ళకి బాగు చేసింది పనికి రాదంట, మార్చింది అసలే పనికి రాదంట, చేసినోడు చేసినట్టుంటేనే లక్షలంట. "దీన్ని ఎప్పుడైనా ముట్టుకున్నారా, రంగులేమైనా వేశారా?" అని అడిగాడు. మనవడు, "అబ్బే, ఎవరూ చెయ్యి కూడా వెయ్యలేదు సార్, మా తాత ప్రాణంలా చూసుకున్నాడు," అన్నాడు. ఆ పట్నం ఆయన, బొమ్మలమ్ముదామని బుట్టతో వచ్చి గుమ్మంలో కూచున్న నా వైపు తిరిగి, "అవునా పెద్దమ్మా, మీ బొమ్మల వీధిలో తెలుస్తుంది కదా," అన్నాడు. నా బుట్టలో అప్పటికి పన్నెండు బొమ్మలున్నయ్యి, ఒక్కటీ పోలా. రాసుకుంటున్నావుగా బాబూ, ఇది కూడా రాసుకో. "అవునండీ, ఎవరూ ముట్టుకోలా," అన్నా. పన్నెండూ కొన్నాడు.